కాలిక్రింది మీట

చిత్తూరునకు సుమారు ఏడు మైళ్ల దూరమున, బాహుదానది యొడ్డున కాణిపాకము కలదు. అచ్చటి వరసిద్ధి వినాయకుని సన్నిధికి మన సీమవారు రెండు పనులమీద తరచుగా పోవుచుందురు. తగవు పడినవారు సత్యప్రమాణమునకై పోవుదురు. కొత్తగా మోటారు బండి కొన్నవారు దానికి పూజ చేయించుటకై పోవుదురు. ఈ రెండు పనులకును నడుమ సంబంధమేమియు లేనట్లు తోచును. కలదని చెప్పుటకే ఈ ప్రసంగము.

బండిపూజలో హారతి యైన పిమ్మట చక్రముల క్రింద నిమ్మపండ్లుంచి, వాటిమీదుగా బండిని రెండడుగులు ముందునకు నడుపుట ఆచారము. 2025 సెప్టెంబరు మాసమున ఢిల్లీ నగరమున ఒక యింతి, కారు కొన్న అంగడిలోనే, మేడమీద, ఈ నిమ్మపండు ముచ్చట తీర్చుకొనబోయెను. కాలిక్రింది మీట కొంచెము గట్టిగా అణగెను. రెండడుగులు పోవలసిన కారు అద్దపు గోడను పగులగొట్టుకొని వీథిలో తలక్రిందులుగ పడెను. దైవవశమున ప్రాణహాని జరుగలేదు. ఈ వార్త విని జనులు నవ్విరి. నేను నవ్వలేకపోతిని. ఏలయన ఇట్టి సంఘటనలలో పెక్కింట ప్రాణములే పోయినవి. అప్పుడు బండి నడిపినవాడు చెప్పు మాట యొక్కటే: "నేను బ్రేకే త్రొక్కితిని, బండి తనంతట పరుగెత్తినది." అతనిని కాణిపాకమునకు కొనిపోయి కోనేట మునిగించి ప్రమాణము చేయింపుడు, జంకక చేయును. అతడు అబద్ధమాడుట లేదు. అయినను అతని మాట నిజము కాకపోవచ్చును. మఱియొకప్పుడు అక్షరాల నిజమును కావచ్చును. ఈ చిక్కు ఎట్లు పుట్టినదో కొంత వెనుకకు పోయి చూడవలయును.

మన తాతలనాడు కపిల తోలినవారు మీలో ఇంకను ఉందురు. ఎద్దులు పల్లమునకు దిగునప్పుడు మోటబాన పైకి వచ్చును. తొట్టి నిండగనే, తోలువాడు నోరు మెదపకున్నను, ఎద్దులు తామే నిలిచి వెనుకకు అడుగులు వేయును. గోతిలో పడుమని ముల్లుగఱ్ఱతో పొడిచినను ఎద్దు పడదు. తోలువాడు నిదురపోయినను బండియెద్దులు ఇంటి వాకిట నిలుచును. జట్కాగుఱ్ఱము బెదరి పరుగెత్తుట కలదు గాని, దానికిని అలసట యున్నది. యంత్రమునకు బెదురు లేదు, అలసట లేదు, ఇల్లు తెలియదు. ఇంధన మెంత లోనికి పోవునో అంత బలము చూపును. కావున యంత్రము పుట్టిన నాటినుండియు దానిని పెంచు మీటతోబాటు, హద్దుమీరకుండ పట్టు ఉపాయమును వెదకవలసి వచ్చెను.

1788వ సంవత్సరమున జేమ్సు వాట్టు తన ఆవిరియంత్రమునకు రెండు ఇనుపగుండ్లను తగిలించెను. యంత్రము వేగము హెచ్చినకొలది గుండ్లు తిరుగుచు వెలుపలికి విచ్చుకొనును. విచ్చుకొన్నకొలది ఆవిరిద్వారము మూసికొనును. మనుష్యుడు తాకకయే యంత్రము తన్ను తాను అదుపులో పెట్టుకొనును. దీనినే గవర్నరందురు. కరెంటు రాకమునుపు మన బావుల గట్టున నడచిన ఆయిలింజనులలో ఉన్నదియు ఇట్టి యేర్పాటే. అట్టి యింజను ఒక్కొక్కప్పుడు తన అడుగున నున్న కందెననూనెనే పీల్చి మండించుకొనుచు, డీసెలు కట్టివేసినను ఆగక, గుండె లవిసిపోవునట్లు కొట్టుకొనుట చూచినవారు కొందఱుందురు. గాలి పోవు ద్వారమును మూయుటయే అప్పటి విరుగుడు. ఇది చూచినవానికి "యంత్రము తనంతట పరుగెత్తదు" అని ఎవరు చెప్పినను నమ్మబుద్ధి కాదు.

ఇక మోటారు కారు. తొలినాటి కార్లలో వేగము పెంచు మీట కాలిక్రింద లేకుండెను, చేతిక్రింద నుండెను. 1908లో వెలువడి 1927 వఱకు కోటిన్నర సంఖ్యలో తయారైన ఫోర్డు టీ కారును తీసికొందము. త్రిప్పుచక్రము క్రింద కుడివైపున ఒక సన్నని పుల్ల యుండెను. దానిని క్రిందికి లాగిన వేగము హెచ్చును. క్రింద మూడు మీటలున్నను వాటిలో ఒకటియు వేగమునకు గాదు: ఎడమది గేరు మార్చుటకు, నడిమిది వెనుకకు పోవుటకు, కుడిది బ్రేకు. అనగా నేడు వేగపు మీట ఉన్న చోట నాడు బ్రేకుండెను! ఆ కారుతో అలవాటుపడిన కాలు నేటి కారులో ఏమి చేయునో ఊహింపుడు.

1916లో అమెరికాలో కాడిలాకు కంపెనీవారు ఎడమనుండి కుడికి క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరనెడు వేగపు మీట అను వరుస గల కారును తెచ్చిరి. 1922లో ఇంగ్లండున వెలువడిన ఆస్టిన్ సెవెన్ అను చిన్నకారు ఈ వరుసను సామాన్యులలోనికి తెచ్చెను. అయినను అందఱును వెంటనే అనుసరింపలేదు. 1920 ప్రాంతపు బెంట్లీ కార్లలో వేగపు మీట నడుమ నుండెను. బ్రేకు కుడివైపున నుండెను. ఒక దొర కారు విడిచి మఱియొక దొర కొలువులో చేరిన డ్రైవరు చేతికి కొత్త బండితోబాటు, పాదమునకు కొత్త అపాయమును వచ్చుచుండెను. ఆపద వచ్చినపుడు మనస్సు ఆలోచింపదు. కాలు తన పాత పాఠమునే అప్పగించును. మన దేశమున 1914లో మోటారు బండ్ల చట్టము వచ్చినది; 1939లో దానిని మార్చిరి. కాలిమీటల వరుస మాత్రము చట్టము వలనకంటె వాడుకవలననే లోకమున స్థిరపడినది.

ఇచ్చట ట్రాక్టరును గూర్చి ఒక మాట. నేటికిని ట్రాక్టరులో చేతిమీటయు కాలిమీటయు రెండును ఉన్నవి. చేతిమీట పెట్టినచోటనే నిలుచును. దున్నకమునకు అదియే అనుకూలము. కాని అదే చేతిమీటను దించుట మఱచి రోడ్డెక్కినవాడు కాలు తీసినను ట్రాక్టరు వేగము తగ్గదు. అంతేగాక, బ్రేకు మీటలు రెండు విడివిడిగ నుండును. రోడ్డుమీద వాటిని కొక్కెముతో జతపఱుపవలయును. జతపఱుపక ఒక్కదానినే త్రొక్కినచో బండి ఒక ప్రక్కకు తిరుగబడును. మన పల్లెలలో ట్రాక్టరు చేతికి వచ్చిన కుఱ్ఱవాండ్రకు ఈ రెండు ముక్కలు చెప్పువారు అరుదు.

తిరుపతివారికి బండివేగము సంగతి కొండ నేర్పినది. మహంతుల యేలుబడి ముగిసి 1933లో దేవస్థానము కమిటీ చేతికి వచ్చిన తరువాత పదునొకండేండ్లకు, 1944 ఏప్రిలు 10వ తేదీన, మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోపు తిరుమల ఘాటురోడ్డును తెఱచెను. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సూచనలతో వేసిన మార్గమిది. అంతకుముందు భక్తులు అలిపిరి మెట్లవెంటనో, శ్రీవారిమెట్టు వెంటనో నడచి యెక్కిరి. నడువలేనివారు డోలీలలో పోయిరి. మెట్లమీద జాఱినవాడు ఒక్కడే పడును. బస్సు జాఱిన యెడల నలువది కుటుంబములు కూలును.

లెక్క వేసి చూడుడు. తిరుపతికిని తిరుమలకును ఎత్తులో వ్యత్యాసము రమారమి 700 మీటర్లు. పది టన్నుల బస్సు అంత ఎత్తునుండి దిగునప్పుడు దాని బరువువలన పుట్టు శక్తినంతటిని బ్రేకులే మ్రింగవలసి వచ్చినచో, ఆ వేడికి 230 లీటర్ల చన్నీరు సలసల కాగును. పెండ్లివారి గుండిగలెన్నో నింపవచ్చును. అంత వేడి నాలుగు చక్రముల బ్రేకులలో చేరిన అవి పట్టు విడుచును. బ్రేకు మీట నేలకంటినను బండి నిలువదు. డ్రైవరు నిజముగ బ్రేకే త్రొక్కియుండును. బండి నిజముగ తనంతట పరుగెత్తును. కావుననే కొండ దిగునప్పుడు వేగపు మీటనుండి కాలు తీసి, చిన్న గేరులో నుంచి, ఇంజనుచేతనే బండిని పట్టించవలెనని పాతకాపులు చెప్పుదురు. ఎక్కిన గేరులోనే దిగుమని వారి సూత్రము. 1970 దశాబ్దమున రెండవ ఘాటురోడ్డు వచ్చిన పిమ్మట పాతదానిని దిగుటకును, కొత్తదానిని ఎక్కుటకును విడదీసిరి. ఎదురు బండి బెడద తప్పెను. పిదప బండి బయలుదేరిన వేళను చీటీలో వ్రాసి, నిర్ణీతకాలమునకు ముందే క్రిందికి చేరినవానిని దండించు నియమమును వచ్చినది. త్వరగా చేరినందుకు జుల్మానా వేయు రోడ్డు లోకమున ఎన్ని యుండునో గాని, ఈ నియమము నాకు మిక్కిలి నచ్చినది.

కొండవాలు సంగతి అట్లుండగా, మీటయే పట్టుకొనుట మఱియొకటి. పాతకార్లలో వేగపు మీటనుండి ఇంజను వఱకు ఒక ఇనుపతీగ పోవును. కాలు తీయగనే మీటను వెనుకకు లాగుటకు ఒక స్ప్రింగుండును. తీగ పోగులు తెగి గొట్టములో ఇఱుకుకొన్నను, స్ప్రింగు విఱిగినను, మీట పైకి రాదు. ముప్పదియేండ్ల క్రిందట నేను పీలేరునుండి తిరుపతికి అద్దెకారులో వచ్చుచుండగా భాకరాపేట కనుమ దిగు వేళ ఇదియే జరిగినది. ఇంజను ఒక్కసారి రంకె వేసెను. డ్రైవరు ఏబదియేండ్లు దాటినవాడు, కేకలు వేయలేదు. క్లచ్చి త్రొక్కి ఇంజనును చక్రములనుండి విడదీసి, తాళము ఒక్క మెలిక త్రిప్పి ఇంజను ఆర్పి, ఒకే పట్టున బ్రేకు త్రొక్కి మట్టయోరమున నిలిపెను. తాళము పూర్తిగ లాగలేదు. లాగిన త్రిప్పుచక్రము బిగిసిపోవునని తరువాత చెప్పెను. సైకిలుట్యూబు ముక్క చీల్చి మీటకు కట్టి, "స్వామీ, ఎక్కండి" అనెను. ఆ రోజు క్లచ్చి లేని కారైనచో ఏమయ్యెడిదో.

ఏలయన ఇప్పుడు క్లచ్చి లేని కార్లు పెరుగుచున్నవి. రెండే మీటలు, ఎడమకాలికి పని లేదు, కుడికాలే రెంటిని చూచుకొనవలయును. అమెరికాలో ఈ కార్లు ముందుగ వ్యాపించినవి కావున ఈ తగవును అచ్చటనే ముందు పుట్టెను. 1980 దశాబ్దమున ఆడీ 5000 అను జర్మనీకారు నిలిచినచోటునుండి ఉఱికి మనుష్యులను చంపుచున్నదని గగ్గోలయ్యెను. 1986 నవంబరులో ఒక టెలివిజనువారు ఆ కారు తనంతట పరుగెత్తుట చూపిరి. అది గేరుపెట్టెలోనికి బయటినుండి గాలియొత్తిడి పంపి ఆడించిన ఆట యని తరువాత తెలిసినది. ఏటికి 74 వేలు అమ్ముడైన కార్లు 1991 నాటికి 12 వేలకు దిగినవి. 1989లో ప్రభుత్వపు నిపుణులు తేల్చిన దేమనగా: పెక్కు సంఘటనలలో డ్రైవరు బ్రేకనుకొని వేగపు మీటనే త్రొక్కెను. బండి ఉఱుకును, అతడు ఆపవలెనని ఇంకను గట్టిగ అదే మీటను త్రొక్కును, బండి ఇంకను ఉఱుకును. తన పాదము బ్రేకుమీదనే యున్నదని అతని మనస్సు చివరివఱకు నమ్మును. కాని నిపుణులు కారును పూర్తిగ విడిచిపెట్టలేదు. మీటల అమరికయు, ఇంజను అప్పుడప్పుడు చిన్నగ ఉలికిపడుటయు కాలిని తడబఱచినవని వ్రాసిరి. బ్రేకు త్రొక్కనిదే గేరు కదలకుండ తాళము వేయు ఏర్పాటు అప్పటినుండియే వ్యాపించినది. నేటి మన క్లచ్చి లేని కార్లలో ఉన్నది అదియే.

దీనితో తప్పంతయు కాలిదే యని లోకము నమ్మసాగెను. 2009 ఆగస్టు 28న కాలిఫోర్నియాలో, శాన్‌డియాగో సమీపమున, ఒక పోలీసు ఉద్యోగి తన కుటుంబముతో అంగడివారు తాత్కాలికముగ ఇచ్చిన లెక్ససు కారులో పోవుచుండగా వేగపు మీట క్రిందనే ఉండిపోయెను. నూఱు మైళ్లకు మించిన వేగముతో పోయి నలుగురును మరణించిరి. ఏండ్లతరబడి రోడ్లమీద బండ్లను చూచిన మనిషి. కాలు తడబడెనని అనుట కష్టము. విచారింపగా వేఱొక పెద్దకారునకు చెందిన రబ్బరు పఱుపును అందులో వేసిరని, దాని అంచు మీటను పట్టుకొన్నదని తేలినది. ఆ కారును ఆర్పవలెనన్న మీటను మూడు క్షణములు నొక్కిపట్టవలయును. అది ఎరువుకారు నడుపువానికి ఎట్లు తెలియును? పిమ్మట టొయోటా కంపెనీ లక్షలకొలది కార్లను వెనుకకు పిలిపించి పఱుపులను, అతుక్కొను మీటలను సరిచేసెను. విద్యుత్తంత్రములో దోషమున్నదా యని నాసా శాస్త్రజ్ఞులు వెదకి, అట్టిది కానరాలేదని 2011లో చెప్పిరి. 2013లో ఓక్లహోమాలో పంచాయతీదారుల కోర్టు మాత్రము కారులోని కంప్యూటరు వ్రాతలో దోషమున్నదనియే తీర్పిచ్చెను. 2014లో, లోపములను గూర్చి జనులను తప్పుదారి పట్టించినందుకు కంపెనీ 120 కోట్ల డాలర్లు చెల్లించెను.

మఱల 2019 ఏప్రిలులో టోక్యో నగరమున 87 ఏండ్ల వృద్ధుడు నడిపిన కారు జనులమీదికి పోయి, ఒక తల్లియు మూడేండ్ల బిడ్డయు చనిపోయిరి. వృద్ధుడు కారుదే దోషమని కోర్టులో నిలిచెను. కారులోని యంత్రము దాచిన గుర్తులు అతడు వేగపు మీట త్రొక్కెనని, బ్రేకు త్రొక్కలేదని చూపెను. అయిదేండ్ల శిక్ష పడెను. తడబడిన కాలిని గుర్తించి బండి తానే నిలుచు ఏర్పాటు 2028 సెప్టెంబరునుండి కొత్త కార్లలో ఉండవలెనని జపానువారు నియమము చేసిరి. మన్నించుడు, నా వయస్సువారిని గూర్చి చెప్పుట నాకును కష్టమే. కాని మోకాలు మొద్దుబాఱినవానికి పాదము ఎచ్చట నున్నదో తెలియుట కొంత ఆలస్యమగును.

మన యూళ్లలో ఏమి జరుగుచున్నది? ప్రమాదము జరిగిన గంటలోనే డ్రైవరు నిర్లక్ష్యమని మాట పుట్టును. డ్రైవరు పాఱిపోయెనా, నేరము రుజువైనట్లే. ప్రాణము పోయినచో పూర్వము శిక్షాస్మృతి 304-ఏ సెక్షను క్రింద రెండేండ్ల వఱకు శిక్ష యుండెను. 2024 జులై 1 నుండి అమలులోనున్న కొత్త న్యాయసంహితలో 106వ సెక్షను క్రింద అయిదేండ్ల వఱకు పడవచ్చును. పదివేలో పదునైదువేలో జీతమునకు ఇతరుల బండి నడుపు కుఱ్ఱవానికి ఇది చిన్న మాట గాదు. కాని 1988 నాటి మోటారు చట్టముననే, ప్రమాదమునకు లోనైన బండిని అధికారి పరీక్షింపవచ్చునని కలదు. అతని నివేదికలో మీట స్ప్రింగును చూచెనా, తీగను చూచెనా, కాలిక్రింద ఏమున్నదో చూచెనా? బండి యజమాని బండిని బాగుచేయించుటకు పూర్వమే ఈ సంగతి అడుగువారు ఊరిలో ఒక్కరైన నుండవలయును. గాలిసంచులు గల కార్లలో పెక్కింట చివరి కొన్ని క్షణములలో ఏ మీట అణగెనో గుర్తుండును. దానిని తీయించుమని కోరవచ్చును. ఆ గుర్తు డ్రైవరును విడిపించినను విడిపించును, పట్టించినను పట్టించును. 2021 ఏప్రిలు 1 నుండి, లోపము గల బండ్లను తయారుచేసినవారిచే వెనుకకు పిలిపించు అధికారము మన ప్రభుత్వమునకును వచ్చినది. సత్యవేడు ప్రక్కన శ్రీసిటీలో 2016 నుండి ఇసుజు బండ్లు తయారగుచున్న యీ కాలమున, బండి అనగా సీమదొరల సొత్తని ఊరకుండుటకు వీలు లేదు.

బండి పరుగెత్తిన వేళ ఏమి చేయవలెనో ఆ భాకరాపేట డ్రైవరు చేసి చూపినాడు. క్లచ్చి లేని కారులో గేరు పుల్లను న్యూట్రలునకు తేవలయును. బ్రేకును ఒకే పట్టున గట్టిగ త్రొక్కవలయును; మాటిమాటికి త్రొక్కి విడిచినచో, పెట్రోలు బండ్లలో బ్రేకునకు తోడ్పడు గాలియీడ్పు ఖర్చైపోయి, మీట రాయివలె బిగియును. అంతకు ముందు ఒకసారి కాలెత్తి, ఏ మీటమీద నున్నదో చూచుకొనుట మంచిది.

ఇక కాణిపాకమునకో, కొండకో బయలుదేరునప్పుడు ముందు సీటు క్రింద ఒకసారి వంగి చూడుడు. నీళ్ల సీసా, టెంకాయ, విప్పిన చెప్పు, ఇవి దొర్లి బ్రేకు మీట వెనుక చేరినచో బ్రేకు అణగదు. డ్రైవరు కాలిక్రింది పఱుపుమీద మఱియొక పఱుపు వేయనీయకుడు. నిమ్మపండ్ల విషయమా, ఇంజను పెట్టకుండ, గేరు న్యూట్రలులో నుంచి, సీటులో నొకనిని కూర్చుండబెట్టి, నలుగురు కుఱ్ఱవాండ్రు వెనుకనుండి నెట్టినను అవి చక్కగ నలుగును.